ముప్పై రెండో ఇంటర్వ్యూ చొక్కాది

మా మావయ్య కంపెనీ బట్టలు ఆరేసుకునే క్లిప్పులు చేస్తుంది. నవ్వితే నవ్వండి, నాకేం. మీ ఇంట్లో దండెం మీద ఉన్నవాటిలో సగం మావే. రెండు చెక్కముక్కలు, మధ్యలో ఒక స్ప్రింగు, అంతే సరుకు. చెక్కముక్కలు ఎవరైనా కోస్తారు. ప్రాణమంతా స్ప్రింగులో ఉంది. పాతికేళ్ళ కిందట ఆ మొట్టమొదటి స్ప్రింగు వంచింది మా అమ్మ. ఈ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు, బయట ఒక్క పురుగుకి కూడా తెలీదు. బయట తెలిసిందల్లా మావయ్య చెప్పే కథే.

ఆ కథ నన్ను నిద్రలేపి అడిగినా అప్పజెబుతాను. మావయ్యకి ఇరవై రెండేళ్ళప్పుడు ఉద్యోగానికి ఇంటర్వ్యూ వచ్చింది. ఉన్నది ఒక్కటే మంచి చొక్కా. ఉతికి మేడ మీద ఆరేస్తే గాలికి ఎగిరిపోయింది. ఆయన దాని వెనక ఏడు వీధులు పరిగెత్తాడు. ఇంటర్వ్యూ కాస్తా చేజారింది. ఏడో వీధి చివర రొప్పుతూ నిలబడి ఉండగా క్లిప్పు ఆయన బుర్రలో మెరిసింది. ఇక్కడికి రాగానే మావయ్య రెండు వేళ్ళు కలిపి టక్కుమనిపిస్తాడు, జనం చప్పట్లు కొడతారు. ఏటేటా వీధులు పెరుగుతూ ఉంటాయి. కిందటిసారి పదకొండు దాకా వెళ్ళాయి.

అమ్మ ఇప్పటికీ ఆ ఫ్యాక్టరీలోనే మూడో బెంచీ దగ్గర కూర్చుని స్ప్రింగులు వంచుతుంది. గేటు లోపల చుట్టరికాలు కుదరవని మావయ్య మొదటి వారమే రూలు పెట్టాడు. అందుకని తోడబుట్టిన అక్కని పట్టుకుని "మూడో బెంచీ గారూ" అంటాడు. ప్యాకింగు చూసే నన్ను "ప్యాకింగూ" అంటాడు. అదే మనిషి సాయంత్రం మా ఇంటికొస్తే వంటింటి గుమ్మంలో కూలబడి, "అక్కా, ఆకలేస్తోందే, ఏదైనా పెట్టు" అంటాడు. ఒళ్ళు మండదూ?

అమ్మ తమ్ముణ్ణి జీవితంలో ఒకే ఒక్కటి అడిగింది. అదీ ఎనిమిదేళ్ళ కిందట, మా వంటింట్లో.

"ఒరేయ్, నీ కథ నువ్వు ఎలాగైనా చెప్పుకో. ఎక్కడో ఒకచోట 'స్ప్రింగు అక్క వంచింది' అను. మూడు మాటలు."

"అది చిన్న విషయం కదక్కా."

"చిన్నదేగా, అనెయ్యి మరి."

మావయ్య చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ మావయ్య ఎక్కడ మీటింగు పెట్టినా వెళ్తుంది. నాలుగో వరసలో కూర్చుని, ఏడో వీధి దాకా కళ్ళార్పకుండా వింటుంది. ఈసారీ లేదని తేలగానే సంచీ తీసుకుని నా వైపు తిరిగి "పద" అంటుంది. చివరిదాకా ఎప్పుడూ కూర్చోలేదు. బయటికొచ్చాక గబగబా నడుస్తుంది. అప్పుడు ఆవిడ మొహం చూస్తే నాకు మావయ్య పీక పిసకాలనిపిస్తుంది.

కంపెనీకి పాతికేళ్ళు నిండుతున్నాయని ఒక పుస్తకం వెయ్యాలని మావయ్యకి బుద్ధి పుట్టింది. మా పక్కవీధిలో తాళాల కంపెనీ ఒకటుంది. వాళ్ళు ఎవరో చదువుకున్నాయన్ని పిలిపించి తమ వ్యాపారం కథని పరీక్ష చేయించారు. వాళ్ళ ఓనరు వీరుడని, కథానాయకుడి లక్షణాలన్నీ ఉన్నాయని నివేదిక వచ్చింది. దాన్ని అద్దాల ఫ్రేములో గోడకి తగిలించారు. అది చూసొచ్చినప్పటి నుంచీ మావయ్యకి నిద్ర లేదు. ఆ చదువుకున్నాయన్నే పిలిపించాడు.

ఆయనకి మేం పెట్టుకున్న పేరు కథల డాక్టరు. సన్నగా, మర్యాదగా, జేబు నిండా రంగురంగుల చీటీలతో వచ్చాడు. వ్యాపారాలు ఎలా పుట్టాయో జనం చెప్పుకునే కథల్ని విప్పి, ఏ ముక్క ఏ పని చేస్తోందో చూడటం ఆయన చదువు. ఒకటే షరతు పెట్టాడు. ఏం తేలితే అది అక్షరం మార్చకుండా అచ్చు వెయ్యాలి. మావయ్య ఎగిరి గంతేసి సంతకం పెట్టాడు. తేలేది తనే అయినప్పుడు భయమెందుకు!

డాక్టరుకి పాత గోడౌను ఇచ్చారు. టేపులు విని టైపు కొట్టడానికి నన్ను ఇచ్చారు. రెండు నెలల్లో ఆయన ముప్పై ఒక్కమందిని మాట్లాడించాడు. మేనేజరు, డ్రైవర్లు, చెక్క కోసేవాళ్ళు, డీలర్లు, వాచ్‌మన్, మావయ్య. మావయ్య ఒక్కడి ఇంటర్వ్యూయే నాలుగు రోజులు సాగింది. బెంచీలవాళ్ళ పేర్లు మాత్రం మేనేజరు ఇచ్చిన జాబితాలో లేవు. నేను కొట్టిన ప్రతి వాక్యాన్నీ కత్తిరించి చీటీ చేసి, గోడౌను ఈ మూల నుంచి ఆ మూలకి పదకొండు దండేలు కట్టి, మా క్లిప్పులతోనే తగిలించాడు. నీలం చీటీ కథానాయకుడు. పచ్చది సాయం చేసినవాళ్ళు. ఎర్రది అడ్డంకి. తెల్లది వాతావరణం, అంటే వాన, ఎండ, కరెంటు పోవడం, అలాంటివి.

ఒకరోజు ఆరో దండెం కింద నడుస్తూ తలెత్తి చూస్తే, వానకీ కరెంటు పోవడానికీ మధ్య తెల్ల చీటీ మీద మా అమ్మ వేలాడుతోంది.

"ఏమండీ డాక్టరుగారూ! మా అమ్మ వానా?"

"వాన కాదండీ. వాన పక్కన," అన్నాడు మర్యాదగా.

"ఆవిడ పక్కన ఎందుకుంది?"

"ముప్పై ఒక్కమందిలో పన్నెండుమంది ఆవిణ్ణి తలుచుకున్నారు. అందరూ 'వాళ్ళక్క కూడా ఉండేది' అనే అన్నారు. ఉండడం పని కింద రాదండీ. ఎవరైనా ఏదైనా చేశారని చెబితేనే రంగు ఇవ్వగలను."

"నేను చెబుతున్నాగా! స్ప్రింగు ఆవిడే వంచింది!"

"మీరు టైపిస్టు కదండీ. టైపిస్టు మాట నమోదు చెయ్యకూడదు."

ఆ చీటీ పీకి నీలం కాయితం మీద అతికించేద్దామని నా చేతులు ఎంత లాగాయో నాకు తెలుసు. కానీ మా ఫ్యాక్టరీలో ఒక రూలుంది. తయారైన క్లిప్పులకి తడి గోనెసంచులు తగిలించి ఒక రోజంతా దండెం మీద ఉంచుతాం. ఎవరు వేశారో వాళ్ళే తియ్యాలి. ఇంకొకరు చెయ్యి పెడితే అది జారిందో, తీశారో తెలీక పరీక్షంతా గంగలో కలుస్తుంది. వేసినవాళ్ళే తియ్యాలి. చిన్నప్పటి నుంచీ అన్నంతోపాటు తిన్న రూలు అది. చేతులు వెనక్కి కట్టుకుని బయటికి నడిచాను.

ఫలితం చెప్పే రోజు వచ్చింది. పొద్దున్న పదింటికి పెద్ద గదిలో అందరం చేరాం. మావయ్య కొత్త కోటు వేసుకొచ్చాడు. ఫ్రేము కూడా ముందే తెప్పించి బల్లకి ఆనించి పెట్టాడు.

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "కథలో నాయకుణ్ణి పట్టుకోవడానికి మాకు నాలుగు ప్రశ్నలుంటాయి. ఇల్లు వదిలి బయల్దేరింది ఎవరు? కష్టాలు పడింది ఎవరు? ఎవరి వల్ల మిగతావాళ్ళ బతుకులు మారాయి? ప్రతి ఒక్కరి కథలోనూ తప్పకుండా ఉన్నది ఎవరు? ముప్పై ఒక్క ఇంటర్వ్యూల్లోనూ నాలుగింటికీ ఒకే జవాబు వచ్చింది."

మావయ్య వినయంగా తల వంచుకున్నాడు.

"చొక్కా," అన్నాడు డాక్టరు.

మావయ్య తల వంచుకునే ఉండిపోయాడు, ఎత్తడం మరిచిపోయినట్టున్నాడు.

"మరి సారో?" అన్నాడు మేనేజరు. మా మేనేజరు చాలా నికార్సయిన మనిషి. కాయితం మీద ఉన్నది అమలు చెయ్యడం తప్ప ఇంకో ఆలోచన ఆయనకి రాదు.

"సారు నాయకుడి వెంటపడి పట్టుకోవాలని చూశారు. వెంటపడేవాళ్ళు ఎర్ర చీటీలోకి వస్తారు. అడ్డంకి."

"గాలి?"

"పచ్చ చీటీ. గాలి నాయకుడికి సాయం చేసింది."

నాకు నవ్వు ఆగలేదు. దగ్గు వచ్చినట్టు నటించి బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. తర్వాత గుర్తొచ్చింది, అమ్మ ఇంకా తెల్ల చీటీలోనే ఉందని. నవ్వు ఆగిపోయింది.

సంతకం పెట్టాక మావయ్య ఏం చేస్తాడు? పైగా ఆ సాయంత్రానికే కబురు డీలర్ల దాకా పాకింది. వాళ్ళకి తెగ నచ్చేసింది. మేనేజరు మర్నాడే పని మొదలుపెట్టాడు. పెద్ద గదిలో స్థాపకుడి కుర్చీలోంచి మావయ్యని లేపి పక్క కుర్చీలో కూర్చోబెట్టి, దానికి ఒక హ్యాంగరు తగిలించాడు. చొక్కా ఎక్కడుందో తెలీదు కాబట్టి హ్యాంగరు ఖాళీగానే ఉండేది. మీటింగులో ముందు హ్యాంగరుకి నమస్కారం పెట్టి తర్వాత మావయ్యకి పెట్టేవాడు. వారం తిరిగేసరికి "ఈ ఫైలు చొక్కాగారి దాకా వెళ్ళిందా?" అనడం మామూలైపోయింది. చెక్క కోసేవాళ్ళు సెలవు అడిగితే మావయ్య కాదన్నాడని, నేరుగా హ్యాంగరుకి అర్జీ పెట్టుకున్నారు. మూడు రోజులు అది కాదనలేదు కాబట్టి మంజూరైనట్టేనని మేనేజరు ముద్ర కొట్టాడు.

మావయ్య సగమైపోయాడు. సాయంత్రం మా గుమ్మంలో కూలబడ్డాడు.

"అక్కా, నన్ను అడ్డంకి అన్నాడే."

"నేను వాతావరణాన్నట. నువ్వు కనీసం అడ్డమైనా పడ్డావు. లే, చెయ్యి కడుక్కో," అంది అమ్మ.

ఇక పుస్తకం అచ్చుకి వెళ్తుందనగా డాక్టరుకి కొత్త బెంగ పట్టుకుంది. ఇంతమందిని మాట్లాడించి కథానాయకుణ్ణి వదిలేస్తే తన చదువుకి మచ్చ అన్నాడు. చొక్కాని ఇంటర్వ్యూ చెయ్యాలి. చొక్కా ఏదీ? మావయ్యకి గుర్తులేదు. ఏ చెత్తలోనో పడేసి ఉంటాను అన్నాడు. ఫ్యాక్టరీ అంతా గాలించారు. నోటీసు కూడా పెట్టారు.

"నా పెట్టెలో ఉంది," అంది అమ్మ, మూడో బెంచీలోంచి తల ఎత్తకుండానే.

బుధవారం మధ్యాహ్నం గోడౌనులో ముప్పై రెండో ఇంటర్వ్యూ జరిగింది. లేత నీలం గళ్ళ చొక్కా, కాలరు అరిగిపోయింది. కుర్చీలో కూర్చోబెడితే జారిపోతోంది. పట్టుకోవడానికి అమ్మని పిలిచారు. టేపు నేను తిప్పాను.

"మీ తొలిరోజుల గురించి చెప్పండి," అన్నాడు డాక్టరు చొక్కాతో.

చొక్కా ఏమీ అనలేదు. డాక్టరు తొందరపడలేదు. మౌనం కూడా జవాబేనని రాసుకున్నాడు. ఏడు నిమిషాలు గడిచాయి. అమ్మకి బెంచీ మీద సగం పళ్ళెం స్ప్రింగులు మిగిలిపోయి ఉన్నాయి. ఎనిమిదో నిమిషంలో ఆవిడ ఓపిక అయిపోయింది.

"ఏంటి బాబూ నీ పిచ్చి! అదేం చెబుతుంది? గాలికి ఎగిరి ఊళ్ళు తిరిగిందా ఏమన్నానా? వెనక సందులో మురిక్కాలవలో పడింది. ఏడు వీధులూ లేవు, ఎనిమిది వీధులూ లేవు. ఇంటర్వ్యూ పోయిందని వాడు ముసుగుతన్ని పడుకున్నాడు. మూడు రోజులు పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు, వీడేం చేసుకుంటాడో అని. ఏదో ఒకటి చెయ్యాలి కదా? కర్ర పెట్టి చొక్కాని పైకి తీశాను. మూడు నీళ్ళలో ఉతికాను. మళ్ళీ ఆరేస్తే మళ్ళీ పోతుందని భయం. విరిగిన గొడుగు ఊచ ఒకటి కనబడితే వంచాను. రెండుసార్లు చేతిలో గుచ్చుకుంది. మూడోసారి చుట్టు తిరిగింది. విరిగిన స్కేలు ముక్కలు రెండు దాని చెరోవైపూ పెట్టాను. పట్టుకుంది. గదిలోకి వెళ్ళి వాడి ముసుగు లాగి, 'లేరా, చూడు, ఇక ఎగరదు' అన్నాను. వాడు వచ్చి చూసి, దాన్ని వంద చెయ్యొచ్చేమో అక్కా అన్నాడు. అదీ వాడి పని. వంద చెయ్యడం వాడిదే, నేనెందుకు కాదంటాను? మొదటిది నాది. భుజాల మీద ఈ తుప్పు మరకలు చూడు, ఆ స్ప్రింగువే. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు."

డాక్టరు చకచకా రాసుకున్నాడు. కళ్ళు మెరిసిపోయాయి. వచ్చేసింది కదా టేపులోకి! ఇంకెవరు ఆపుతారు!

పుస్తకం అచ్చయి వచ్చింది. ముందు నేనే లాక్కుని చూశాను. నలభయ్యో పేజీలో అమ్మ మాటలు ఒక్కటీ పొల్లుపోకుండా ఉన్నాయి. పైన లావు అక్షరాలతో "చొక్కా చెప్పినది" అని ఉంది. కింద డాక్టరు వివరణ: 'ముప్పై రెండో ఇంటర్వ్యూ చొక్కాది. నాయకుడు తనని తాను వేరే మనిషిలా, చొక్కా అని పేరు పెట్టి చెప్పుకోవడం గొప్ప స్థాపకుల్లో కనిపించే లక్షణం.'

నేను గోడౌనుకి పరిగెత్తి డాక్టరుని కడిగేశాను. ఆయన నొచ్చుకున్నాడు. "ఇంటర్వ్యూ ఎవరిదని రాసుకుంటే మాటలు వాళ్ళవే అవుతాయండీ. మీ అమ్మగారు పట్టుకోవడానికి వచ్చారు," అన్నాడు. అబద్ధమాడుతున్నాడా అంటే లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. అలాంటివాణ్ణి ఏం తిడతాం!

అమ్మ ఆ పేజీ రెండుసార్లు చదివింది. "మాటలు నావే. పేరు దానిది," అంది. పుస్తకం మూసి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు బుద్ధి తెలిశాక అమ్మ ఏడవడం అదే చూడటం. నేనూ ఏడ్చాను. ఎనిమిదేళ్ళు ఎదురుచూసి, చివరికి పాత చొక్కా చేతిలో ఓడిపోవడం అంటే మాటలా!

పాతికేళ్ళ సభ ఆదివారం పొద్దున ప్యాకింగు షెడ్డులోనే పెట్టారు. ఆరువందలమంది వచ్చారు. వేదిక మీద హ్యాంగరుతో సహా స్థాపకుడి కుర్చీ వేసి, పక్కన తీగ కట్టి, చొక్కాని రెండు క్లిప్పులతో ఆరేశారు. ఆరేసింది అమ్మే. భుజాలు ఎక్కడ పట్టాలో ఇంకెవరికీ తెలీదుగా. ఆ పని కాగానే ఆవిణ్ణి కిందికి పంపేశారు. వచ్చి నాలుగో వరసలో కూర్చుంది. ఒళ్ళో సంచీ పెట్టుకుంది.

స్థాపకుడి మాటలు స్థాపకుడు చదవలేడు కాబట్టి మావయ్యే చదివాడు. మురిక్కాలవ దగ్గర జనం నవ్వారు. 'వాడు ముసుగుతన్ని పడుకున్నాడు' దగ్గరికి వచ్చేసరికి మావయ్య చదివే వేగం తగ్గింది. 'లేరా, చూడు, ఇక ఎగరదు' దగ్గర ఆగిపోయి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. మొత్తం అయ్యాక ఆరువందలమందీ లేచి నిలబడి చొక్కాకి చప్పట్లు కొట్టారు. మావయ్య తీగ వైపు తిరిగి, చేతులు జోడించి, "మీరు లేకపోతే నేను లేనండీ," అన్నాడు చొక్కాతో.

నేను పళ్ళు పటపట కొరికాను. అమ్మ సంచీ తీసుకుంది. ఇక "పద" అంటుందనుకున్నాను.

"ఇప్పుడు చొక్కాగారిని అద్దాల పెట్టెలోకి దింపుతాం," అన్నాడు మేనేజరు. ఇద్దరు కుర్రవాళ్ళు ముందుకొచ్చారు. అంతలో మేనేజరే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండి. దండెం మీదది. వేసినవాళ్ళే తియ్యాలి. వేసింది ఎవరు?"

"నేను," అంది అమ్మ.

సంచీ నా ఒళ్ళో పడేసి వేదిక ఎక్కింది. ఒక్కొక్క క్లిప్పూ నెమ్మదిగా విప్పింది. చొక్కా చేతిలోకి తీసుకుని అద్దాల పెట్టె వైపు చూసింది. మావయ్య వైపు చూసింది. తర్వాత ఆ చొక్కా తొడుక్కుంది. గుండీలు కింద నుంచి పైకి ఒక్కొక్కటే పెట్టుకుంది. వెళ్ళి హ్యాంగరు తీసి పక్కన పెట్టి, స్థాపకుడి కుర్చీలో కూర్చుంది.

కదిలింది మేనేజరు ఒక్కడే. చొక్కా కుర్చీలోకి వచ్చింది కాబట్టి మర్యాద చెయ్యాలి. ముందుకి వంగి నమస్కారం పెట్టి, గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చి, మావయ్య ముందున్న మైకు తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాడు. డాక్టరు చేతిలోంచి రంగు చీటీలన్నీ కింద పడిపోయాయి. ఆయన వంగి ఏరుకోలేదు.

మావయ్య మైకు దగ్గరికి నడిచి వచ్చాడు. ఆయన గొంతు ఇరవై రెండేళ్ళ కుర్రాడి గొంతులా వచ్చింది.

"అది నా చొక్కా కదా... అక్కా."

గేటు లోపల ఆ మాట వినడం మాకందరికీ అదే మొదటిసారి. మూడో బెంచీవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"నీదే. ఎవరు కాదన్నారు?" అంది అమ్మ. "స్ప్రింగు ఎవరిది?"

నా చేతుల్లో సంచీ నలిగిపోతోంది. ఇందాక మావయ్య చదివింది చొక్కా మాటలుగా. ఇప్పుడు ఆరువందలమంది ముందు పాతికేళ్ళ కథని తన మాటగా తనే చించుకోవాలి. ఆయన వీధులన్నీ గాల్లో కలిసిపోతాయి. చెప్పకపోతే చొక్కా కుర్చీలోంచి లేవదు. ఆయన మొహం చూస్తే మొదటిసారి నాకు జాలేసింది.

"స్ప్రింగు..." అన్నాడు. ఆగాడు. కళ్ళజోడు తీసేశాడు. "స్ప్రింగు అక్క వంచింది."

షెడ్డు అంతా ఆ మాట మోగింది.

అమ్మ గుండీలు విప్పి చొక్కా తీసి, మడత పెట్టి, మావయ్య చేతిలో పెట్టింది. "ఇంద. మూడు మాటలేరా. ఇంత సేపా?" అంది. మెట్లు దిగి వచ్చి నాలుగో వరసలో కూర్చుంది. మావయ్య చొక్కాని గుండెలకి అదుముకుని, మైకు ముందు కళ్ళు తుడుచుకుంటూ మొదటి నుంచి మొదలుపెట్టాడు. "మా ఇంటి వెనక సందులో ఒక మురిక్కాలవ ఉండేదండీ..."

నేను అలవాటు కొద్దీ సంచీ భుజాన వేసుకుని లేచి, "పద," అన్నాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "కూర్చోవే. వాడేదో చెబుతున్నాడు, విననీ."